7×14 మినీ లేత్: క్యూ రిపేరు నేర్చుకునేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

పూల్ క్యూల, అంటే పూల్ ఆటలో బంతిని కొట్టే కర్రల, రిపేరు మొదలుపెట్టినవాళ్లు చేత్తో నాలుగు టిప్పులు (కొసన అంటించే తోలు బిళ్లలు) మార్చేసరికి వాళ్ల చూపు లేత్ మీదికి, అంటే వస్తువును తిప్పుతూ కోసే మిషను మీదికి, మళ్లుతుంది. అప్పుడు ఎక్కువగా కనిపించేది బల్ల మీద పెట్టుకునే 7×14 మినీ మెటల్ లేత్. రంగులు వేరు, పేర్లు వేరు, లోపలి సరుకు మాత్రం దాదాపు ఒకటే. 7 అంగుళాల స్వింగ్ (తిప్పగలిగే గరిష్ఠ వ్యాసం), సెంటర్ల (రెండు కొసల్లో వస్తువును పట్టే మొనల) మధ్య 14 అంగుళాలు, స్పిండిల్ అనే తిరిగే ఇరుసు గుండా 20 మి.మీ. బెజ్జం, వస్తువును బిగించే మూడు దవడల 80 మి.మీ. చక్, ఎదురు కొసన ఉండే టెయిల్‌స్టాక్‌లో ఎంటీ2 కొలత టేపర్ (ఏటవాలు) బెజ్జం. లో గేరులో సుమారు 1100, హైలో 2500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది.

రిపేరుకు ఇది మంచి మిషనే. క్యూ తయారీకి మాత్రం పొట్టిది. టిప్పు, ఫెర్రూల్ (టిప్పు కింద ఉండే తెల్లటి తొడుగు), షాఫ్ట్ (క్యూలో సన్నటి ముందు సగం) కొస పనులన్నీ దీని మీద నమ్మకంగా నేర్చుకోవచ్చు. 'క్యూలు కూడా చేసుకోవచ్చు' అన్న మాట నమ్మి కొంటే మాత్రం ఆరు నెలల్లో రెండో మిషను వెతుక్కోవాల్సి వస్తుంది.

ఎందుకో కొలతలే చెబుతాయి. మామూలు పూల్ షాఫ్ట్ పొడవు సుమారు 29 అంగుళాలు. టిప్పు దగ్గర 13 మి.మీ. ఉండి, బట్ అనే లావాటి వెనక సగంతో కలిసే జాయింటు దగ్గరికి వచ్చేసరికి 21.5 మి.మీ.కు కాస్త అటూ ఇటూ అవుతుంది. స్పిండిల్ బెజ్జం 20 మి.మీ. కాబట్టి షాఫ్ట్ దూరదేమో అనిపిస్తుంది. దూరుతుంది, కాకపోతే హెడ్‌స్టాక్ (స్పిండిల్ ఉండే దిమ్మ) వెనక నుంచి టిప్పు ముందుగా తోయాలి. టిప్పు చక్ దవడల్లోంచి బయటికి వచ్చినప్పుడు స్పిండిల్ లోపల ఉండేది షాఫ్ట్ ముందు సగం. అది పద్నాలుగు, పదిహేను మి.మీ. మించదు. లావు భాగం మిషను వెనకాల గాల్లో ఉంటుంది. టిప్పు, ఫెర్రూల్ పనికి ఈ అమరిక చక్కగా సరిపోతుంది.

జాయింటు వైపు పని చేయాలంటే కథ తిరగబడుతుంది. అప్పుడు టిప్పును ముందు వైపు నుంచి చక్‌లోకి దింపాలి, లావు కొస బయట ఉండాలి. ఇక్కడ అడ్డొచ్చేది స్పిండిల్ కంటే ముందు చక్కే. 80 మి.మీ. చక్ సొంత బెజ్జం 16 మి.మీ. మాత్రమే. ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా రాయరు. అడాప్టర్ ప్లేటు వేసి 100 మి.మీ. చక్ బిగిస్తే బెజ్జం 22 మి.మీ. అవుతుంది, చాలా షాఫ్టులు అంచు తగులుతూ అయినా లోపలికి వెళ్తాయి. అన్నీ వెళ్తాయని చెప్పలేం. బట్ వైపు సంగతి ఎత్తకపోవడమే మేలు. దాని అడుగు దాదాపు 32 మి.మీ., కాబట్టి ఏ చక్ పెట్టినా స్పిండిల్‌లోకి దిగదు. బంపర్ (అడుగున ఉండే రబ్బరు) వైపు పనులు, పట్టుకునే చోట చుట్టే దారం పనులు ఈ మిషను జాబితాలోంచి మొదట్లోనే కొట్టేయండి.

వెనకాల గాల్లో ఉన్న ఆ లావు సగంతోనే కొత్తవాళ్లకు మొదటి ప్రమాదం. షాఫ్ట్ ఏ కాస్త వంకరగా ఉన్నా వేగం పెరిగేకొద్దీ ఆ కొస కొరడాలా ఊగుతుంది. ముందు టిప్పు దగ్గర అంతా నిశ్చలంగానే కనిపిస్తుంది కాబట్టి వెనక జరుగుతున్నది తెలియదు. ఆధారం లేకుండా 700, 800 ఆర్‌పీఎం దాటొద్దు. ఆధారమంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. స్పిండిల్ వెనక మూతిలో నైలాన్ బుష్ (షాఫ్ట్ చుట్టూ కూర్చునే గొట్టం) ఒకటి, దానికి అడుగు దూరంలో షాఫ్ట్‌ను మోసే మూడు రోలర్ల స్టాండ్ ఒకటి. ఈ రెండూ మిషనుతో రావు. అయినా మిషనుతో పాటే సిద్ధం చేసుకోవలసినవి.

మిషనుతో వచ్చే చక్ దవడలు ఉక్కువి. నేరుగా మేపుల్ చెక్క షాఫ్ట్ మీద బిగిస్తే మూడు నొక్కులు పడతాయి. కాలర్ లేదా కాలెట్ అనే చీల్చిన గొట్టం తప్పనిసరి. 25 మి.మీ. నైలాన్ లేదా డెల్రిన్ కడ్డీలోంచి 40 మి.మీ. ముక్క కోసి, అదే లేత్ మీద 12.5 మి.మీ. డ్రిల్ వేసి, బోరింగ్ టూల్‌తో 13కు తెచ్చి, ఒక పక్క రంపంతో పొడవునా చీల్చితే కాలెట్ తయారు. 12, 12.5, 13, 13.5 కొలతల్లో నాలుగు చేసుకుంటే వచ్చే షాఫ్టుల్లో చాలావాటికి సరిపోతాయి. కాలెట్లు చేసుకోవడమే ఈ మిషను మీద మంచి తొలి పాఠం, చెడిపోయినా పోయేది ప్లాస్టిక్ ముక్కే. వదులుగా ఉంటే మాస్కింగ్ టేపు చుట్టండి. అయితే సరిగ్గా ఒక్క చుట్టే, కొసలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. ఎక్కిన చోట షాఫ్ట్ ఒక పక్కకు తోసుకుపోతుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కోసినా ఫెర్రూల్ ఒక వైపు పల్చగా, ఇంకో వైపు మందంగా వస్తుంది.

పెట్టెలో బ్రేజ్ చేసిన కార్బైడ్ టూల్ బిట్లు వస్తే వాటిని పక్కన పెట్టండి. అవి ఇనుముకు. తోలుకు కావలసింది గడ్డం గీసుకునే బ్లేడు లాంటి పదును. 8 మి.మీ. హైస్పీడ్ స్టీల్ ముక్కను నిటారు రేక్‌తో, అంటే పై ముఖం బాగా వాలేలా, సానబట్టి, నూనె రాయి మీద అంచు మెరిసేదాకా రుద్దితే తోలు పొట్టు పొడవాటి రిబ్బన్లుగా వస్తుంది. పొడిగా రజనులా రాలుతోందంటే అంచు మొద్దుబారినట్టు. మొద్దుబారిన టూల్ తోలును కోయదు, లాగుతుంది. పొరలు పొరలుగా అతికించిన కముయ్ లాంటి టిప్పుల్లో పొరలు విడిపోవడానికి ఎక్కువసార్లు కారణం టిప్పు నాణ్యత కాదు, ఈ లాగుడే. టూల్ ఎత్తు కూడా సెంటర్‌కు సరిగ్గా ఉండాలి. కిందికి ఉంటే ఫెర్రూల్ ముఖం చదును చేసినప్పుడు నడిమధ్య చిన్న మొటిమ మిగులుతుంది. ఆ మొటిమ మీద టిప్పు కూర్చుంటే చుట్టూ జిగురు మందంగా ఉండిపోతుంది, పదిహేను రోజుల్లో టిప్పు ఊడి చేతికొస్తుంది.

ఈ మిషను మీద టిప్పు మార్చడం ఎలా నడుస్తుందో చూస్తే దాని బలం తెలుస్తుంది. పాత టిప్పును ముందు నుంచి పొరలుగా కోసుకుంటూ వచ్చి, ఫెర్రూల్‌కు అర మిల్లీమీటరు దూరంలో ఆగాలి. మిగిలిన తోలు, పాత జిగురు కలిపి 0.05 మి.మీ. చొప్పున తీయాలి. ఫెర్రూల్ తెల్లగా బయటపడగానే ఆపేయాలి. ప్రతిసారీ 'ఇంకాస్త చదును' అంటూ 0.3 తీస్తే పది టిప్పులకు ఫెర్రూల్ మూడు మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. టూల్‌ను పొడవు దిశలో జరిపే కాంపౌండ్ స్లైడ్ డయల్ ఈ పనికి సరిపోతుంది. కానీ బ్యాక్‌లాష్ (దిశ మార్చినప్పుడు స్క్రూలో వదులు) ఉంటుంది కాబట్టి డయల్‌ను ఎప్పుడూ ఒకే దిశలో తిప్పి కొలతకు రావాలి.

కొత్త టిప్పు అడుగును గాజు పలక మీద పెట్టిన 150 నంబరు గరుకు కాగితంపై రుద్దాలి. వేళ్లతో నొక్కకుండా బరువు సమానంగా పడాలి, లేకపోతే అడుగు పడవలా గుండ్రమవుతుంది. తర్వాత జెల్ రకం సూపర్ గ్లూ అగ్గిపుల్ల తలంత. పల్చటి రకం వద్దు. అది తోలులోకి పీల్చుకుపోయి టిప్పు అడుగు గాజులా గట్టిపడుతుంది. టిప్పు పెట్టి, టెయిల్‌స్టాక్‌లో చదునైన డెల్రిన్ దిమ్మ ఒకటి పెట్టి మెత్తగా ఆనించాలి. చేత్తో అంటించేటప్పుడు సాధ్యం కాని సమమైన ఒత్తిడి ఇక్కడ సులువుగా దొరుకుతుంది. కానీ చక్రం గట్టిగా తిప్పితే జిగురంతా పక్కలకు వచ్చేసి మధ్యలో ఎండిపోయిన అతుకు మిగులుతుంది. అంచు చుట్టూ సన్నటి తడి గీత కనిపిస్తే చాలు. పది నిమిషాల్లో కోయొచ్చని సీసా మీద రాసి ఉన్నా గంట ఆగడం మంచిది.

పక్కలు కోసేటప్పుడు టూల్ నడక టిప్పు పై నుంచి ఫెర్రూల్ వైపుకు. అప్పుడు కోత బలం టిప్పును ఫెర్రూల్‌కే అదుముతుంది. ఎదురు దిశలో నడిపితే అతుకునే పెకలిస్తుంది. చేత్తో కోసేవాళ్లు క్యూను తలకిందులు చేసి, టిప్పును చెక్కకు ఆనించి కత్తిని కిందికి దించుతారు కదా, అక్కడ చెక్క ఆసరా ఉంటుంది. లేత్ మీద ఆ ఆసరా లేదు. ఫెర్రూల్‌కు 0.1 మి.మీ. ఎత్తుగా ఉన్నప్పుడు టూల్ ఆపి, ఫెర్రూల్‌కు టేపు చుట్టి, 400, ఆపైన 600 కాగితంతో సమం చేయాలి. చివరగా పక్కకు వేలితో చుక్క నీరు రాసి, తోలు ముక్కతో 1500 ఆర్‌పీఎం దగ్గర గట్టిగా అదిమితే (వెనక ఆధారం ఉంటేనే సుమా) అంచు నల్లగా మెరుస్తూ గట్టిపడుతుంది. పుట్టగొడుగులా విచ్చుకోకుండా ఆపేది ఈ పాలిషే. టిప్పు పై గుండ్రాన్ని అమెరికా నాణేల వంపుతో చెబుతారు: నికెల్ వంపు అయితే వ్యాసార్థం సుమారు 10.6 మి.మీ., డైమ్ అయితే 9. కొత్తవాళ్లు డైమ్ చేయబోయి మధ్యలో తోలంతా తీసేస్తుంటారు. నికెల్‌తో మొదలుపెట్టి ఆగడమే నయం.

నేర్చుకోవడానికి ఏ టిప్పులు? ఎల్క్ మాస్టర్ లేదా ట్రయాంగిల్. రెండూ ఒకే తోలు ముక్కను అదిమి చేసినవి, యాభై ఉన్న పెట్టెలుగా దొరుకుతాయి. ఎల్క్ మాస్టర్ మెత్తనిది, మొద్దు టూల్‌ను వెంటనే పట్టిస్తుంది. ట్రయాంగిల్ గట్టిది, తప్పును దాస్తుంది. కనుక మెత్తనిదాని మీదే చేయి తిరగాలి. పొరల టిప్పులు ఆ తర్వాత.

ఫెర్రూల్ దగ్గరికి వస్తే ఈ మిషను నిజంగా డబ్బులు రాబట్టుకుంటుంది, ఎందుకంటే ఈ పని చేత్తో సరిగ్గా చేయడం అసాధ్యం కాకపోయినా ఒళ్లు హూనమయ్యే పని. పాత ఫెర్రూల్‌ను లాగి ఊడదీయాలని ఎవరైనా అంటే వినకండి. అర మిల్లీమీటరు చొప్పున కోసుకుంటూ లోపలి టెనన్, అంటే ఫెర్రూల్‌లోకి దూరిన సన్నటి చెక్క కొస, దాకా వెళ్లాలి. ఫెర్రూల్ కాగితమంత పల్చబడ్డాక గోటికే పెచ్చులుగా ఊడుతుంది. లోపల మరలు ఉన్న రకమైతే ఒక దశలో తెలుపు, చెక్క రంగు మెలికలు తిరుగుతూ పక్కపక్కన కనిపిస్తాయి. అదే ఆగాల్సిన చోటు. మరల గాడుల్లో మిగిలిన తెల్ల ముక్కల్ని సూదితో తీసేస్తే పాత మరలు పాడవకుండా మిగులుతాయి.

కొత్త ఫెర్రూల్‌కు ముందు బెజ్జం, తర్వాత టెనన్. ఈ వరస తప్పితే పనంతా తప్పుతుంది. డ్రిల్ బిట్ 8 మి.మీ. అని రాసి ఉన్నా వేసిన బెజ్జం 8.08 రావచ్చు. టెయిల్‌స్టాక్ మట్టంలో తేడా ఉంటే ఇంకా పెద్దది వస్తుంది. కాబట్టి వచ్చిన బెజ్జాన్ని కొలిచి, దానికి 0.05 తక్కువగా టెనన్‌ను తెచ్చుకోవాలి. ఆ సందు ఎపాక్సీ జిగురుకు. బిగుతుగా సుత్తితో కొట్టి దింపే టెనన్ ఫెర్రూల్‌ను పగలగొడుతుంది, బొత్తిగా వదులుగా ఉన్నది ప్రతి దెబ్బకూ టిక్కుమంటుంది. టిక్కు శబ్దానికి మరో కారణం షాఫ్ట్ భుజం (టెనన్ మొదట్లో ఉండే మెట్టు), ఫెర్రూల్ అడుగు ఒకదానికొకటి పూర్తిగా ఆనకపోవడం. జిగురు పెట్టకముందే దింపి, దీపం వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. వెలుతురు గీత కనిపిస్తే భుజాన్ని మళ్లీ చదును చేయాలి. పైన మూసి ఉన్న ఫెర్రూల్ అయితే టెనన్ పొడవునా ఆకురాయి అంచుతో చిన్న గాడి గీయండి. లేకపోతే లోపల చిక్కిన గాలి పిస్టన్‌లా ఫెర్రూల్‌ను పైకి తోస్తుంది. రాత్రి సరిగ్గా ఆనించి పడుకుంటే పొద్దున్న మిల్లీమీటరు సందు ఎదురొస్తుంది. అయిదు నిమిషాల ఎపాక్సీ కంటే నెమ్మదిగా ఆరేదే ఇక్కడ మేలు.

చెక్క మీద మరలు కోయాల్సివస్తే డై (మరలు కోసే పనిముట్టు) వేసే ముందు పల్చటి సూపర్ గ్లూ పట్టించి ఆరనివ్వండి. లేకపోతే మేపుల్ నార చిట్లి మరలు పొడిపొడిగా రాలతాయి. టిప్పుకు వద్దన్న ఆ పల్చటి రకం పనికొచ్చేది ఇక్కడే.

ఫెర్రూల్‌ను షాఫ్ట్ మట్టానికి తెచ్చే చివరి పది నిమిషాలే ఎక్కువ షాఫ్టుల్ని చెడగొట్టేవి. ఫినాలిక్ (ఒక గట్టి ప్లాస్టిక్) ఫెర్రూల్ గట్టిది, మేపుల్ దానికంటే మెత్తనిది. రెండింటి మీదా ఒకే కాగితాన్ని వేలితో నొక్కి తిప్పితే చెక్క ముందు అరుగుతుంది. ఫెర్రూల్ కింద, కంటికి కనపడని పల్లం ఏర్పడుతుంది. క్యూ ముందు భాగానికి ఆసరాగా పెట్టే బ్రిడ్జి చేతి వేళ్ల మధ్య జారేటప్పుడు ఆటగాడికి అది వెంటనే తగులుతుంది. చెక్కకు టేపు కట్టి, కాగితాన్ని చదునైన పుల్లకు అతికించి ఫెర్రూల్ మీద మాత్రమే నడపాలి. 0.02 తేడా మిగిలాక టేపు తీసి 600తో ఒకే ఒక్కసారి రెండింటి మీదా పోనివ్వాలి. పాత షాఫ్టులు తేమకు కాస్త అండాకారం అయి ఉంటాయి. ఒక పక్క మట్టంగా ఉండి ఎదురు పక్క మెట్టు కనిపిస్తే లేత్‌ను తిట్టుకోవద్దు. చెక్క గుండ్రంగా లేదంతే. చెక్కను కోసి గుండ్రం చేస్తే షాఫ్ట్ సన్నబడుతుంది కాబట్టి ఆ మెట్టును యజమానికి చూపించి వదిలేయడమే సరైన పని.

తక్కువ డిఫ్లెక్షన్ షాఫ్టులకు, అంటే బంతిని పక్కకు తక్కువగా తోసేవాటికి, ఇంకో జాగ్రత్త. ప్రిడేటర్ 314 లాంటి వాటిలో కొస లోపల బోలుగా, ఫెర్రూల్ తేలిగ్గా ఉంటాయి. కొస బరువు తగ్గించడమే ఆ షాఫ్ట్ గుట్టు. అక్కడ మామూలు ఫినాలిక్ ఫెర్రూల్ లావుగా, పొడవుగా వేస్తే చూడ్డానికి అందంగానే ఉంటుంది, ఆడేటప్పుడు మాత్రం పాత క్యూలా బంతిని పక్కకు తోస్తుంది. కార్బన్ షాఫ్టులకైతే ఈ మిషనుకే ముప్పు ఉంది. కార్బన్ రజను విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. మోటారు, వేగం బోర్డు హెడ్‌స్టాక్ పక్కనే ఉంటాయి, గాలి రంధ్రాల గుండా రజను లోపలికి పోతే బోర్డు కాలుతుంది. ఆ పని తడి కాగితంతో, టూల్ పక్కనే వాక్యూమ్ మూతి పెట్టుకుని, మాస్కు కట్టుకుని చేయాలి. లేదంటే వద్దనండి.

ఇక తయారీ. 25 మి.మీ. మేపుల్ కడ్డీలోంచి షాఫ్ట్ చేయాలంటే ఒక్క రోజులో 13కు దించడం కుదరదు. చెక్కలో బిగిసి ఉన్న ఒత్తిడి పొర తీసినప్పుడల్లా సడలి, కడ్డీ వంగుతుంది. తీయడం, నిలువుగా వేలాడదీయడం, వారాలు ఆగడం, మళ్లీ తీయడం. మొదట్లో మిల్లీమీటరు చొప్పున, చివర్లో అర కంటే తక్కువ. వంగినవాటిని పక్కన పడేయడం కూడా ఇందులో భాగమే. ఇదంతా సెంటర్ల మధ్య 29 అంగుళాలు పట్టే మిషను మీద, ఏటవాలు పట్టీ వెంట నడిచే రౌటర్ (వేగంగా తిరిగే కత్తి మిషను)తో జరగాలి. ఈ లేత్‌లో సెంటర్ల మధ్య 14 అంగుళాలు. చక్, లైవ్ సెంటర్ (పనితో పాటు తిరిగే మొన) పెట్టాక అందులోనూ కొంత పోతుంది. టెయిల్‌స్టాక్‌ను పక్కకు జరిపి టేపర్, అంటే షాఫ్ట్ ఏటవాలు, తీయొచ్చు కదా అంటారు. తీయొచ్చు, కాకపోతే బొమ్మ క్యూకి.

క్యూల కోసమే చేసిన లేత్‌లు దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. హెడ్‌స్టాక్ బెజ్జం బట్ పట్టేంత పెద్దది, మంచం (భాగాలు కూర్చునే అడుగు పట్టా) పొడవు, కాలెట్లు, వెనక ఆధారం సిద్ధంగా వస్తాయి. చాలావాటి మంచం అల్యూమినియంది కాబట్టి లోహపు పని దగ్గర మినీ లేత్ పోత ఇనుము ఇచ్చే బిగువు వాటిలో ఉండదు. తయారీయే లక్ష్యమైతే మధ్యలో ఆగకుండా నేరుగా వాటికే వెళ్లాలి. నెలకు రెండు మూడు టిప్పులు మాత్రమే మార్చేవాళ్లకు ఏ లేతూ అక్కర్లేదు. పదునైన కత్తి, గాజు పలక, జెల్ గ్లూ, టిప్పును గుండ్రం చేసే షేపర్, తోలు ముక్కతో పనైపోతుంది.

కొన్నవాళ్లు మొదటి రోజు టిప్పు కోయకూడదు. మిషను ఎర్రటి గ్రీజులో మునిగి వస్తుంది. అందులో పోత రజను కూడా కలిసి ఉంటుంది, కిరోసిన్‌తో పూర్తిగా కడగాలి. స్లైడుల్లో (టూల్‌ను జరిపే భాగాల్లో) వదులు సరిచేసే గిబ్ స్క్రూలు సడలి ఉంటాయి. చేతిపిడి కాస్త బరువుగా తిరిగేదాకా బిగించి లాక్ నట్ వేయాలి. తర్వాత స్పిండిల్‌లో ఒక డెడ్ సెంటర్ (సొంత బేరింగ్ లేని మొన), టెయిల్‌స్టాక్‌లో ఒకటి పెట్టి, రెండు మొనల మధ్య పల్చటి బ్లేడును సుతారంగా చిక్కించండి. బ్లేడు నిటారుగా, అడ్డంగా సరిగ్గా నిలిస్తే రెండూ ఒకే గీత మీద ఉన్నట్టు. ముందుకో వెనక్కో ఒరిగితే టెయిల్‌స్టాక్ పక్కకు జరిగింది, అడుగునున్న స్క్రూ సడలించి సరిచేయొచ్చు. పైకో కిందికో ఒరిగితే ఎత్తు తేడా, దానికి అడుగున పల్చటి షిమ్ రేకు వేయాలి. చక్ దవడల్లో గ్రైండ్ చేసిన నున్నటి స్టీల్ కడ్డీ పెట్టి డయల్ గేజీతో చూస్తే 0.05 నుంచి 0.1 దాకా ఊగడం మామూలే. అందుకే షాఫ్ట్‌ను ఒకసారి బిగించాక ఫెర్రూల్ పని పూర్తయ్యేదాకా చక్ విప్పకూడదు. విప్పక తప్పకపోతే ఒకటో నంబరు దవడకు ఎదురుగా షాఫ్ట్ మీది టేపుకు, కాలెట్ చీలికకు పెన్సిల్ గుర్తులు పెట్టి అదే చోట మళ్లీ బిగించండి. హెడ్‌స్టాక్ లోపల చాలా మోడళ్లలో హై, లో గేర్లు ప్లాస్టిక్‌వి. టూల్ చెక్కలో ఇరుక్కుంటే ముందు విరిగేవి అవే, కాబట్టి మిషనుతో పాటే ఒక జత అదనంగా తెప్పించుకోండి.